పలుగురాయి వెంట పోయిన బావి

మొన్న మా వీధి చివర బోరు వేస్తుంటే గొట్టంలోంచి తెల్లటి పలుగురాయి పొడి ఎగజిమ్మింది. ఈ వయసులో ఆ పొడిని చేతిలోకి తీసుకుని నలుపుతూ చాలాసేపు నిలబడిపోయాను. నా ఈడువాళ్లు చదివి తిట్టుకున్నా సరే, ఈ సంగతి ఎక్కడో ఒకచోట కక్కేయాలి.

వయసులో ఉన్నప్పుడు నాది బొగ్గు జాడ వెతికే డ్రిల్లింగ్ క్యాంపులో పని. మధ్యాహ్నం సద్ది విప్పుకున్నప్పుడు క్యాంపు పెద్దసారు రాళ్ల ముచ్చట్లు చెప్పేవారు. భూమి అడుగున మండిపోయే వేడిలో నీళ్లు రాళ్లలోని బంగారాన్ని కంటికి కనబడనంత పలచగా కరిగించుకుని, పగుళ్ల వెంట పైకి ఎక్కి, ఎక్కేకొద్దీ చల్లారి, ఇక మోయలేక, పలుగురాయితో పాటు దాన్ని ఆ పగుళ్లలోనే వదిలేస్తాయట. ఒక సన్నటి చార కావడానికి ఎన్ని లక్షల ఏళ్లు పడుతుందో! అదే పలుగులో ఇనుమూ గంధకమూ కలిసిన పసుపురాయి కూడా ఉంటుందనీ, సుత్తితో కొడితే బంగారం సాగుతుంది, అది మాత్రం పొడిపొడి అయిపోతుందనీ కూడా ఆయనే చెప్పారు.

ములకలపల్లి దగ్గర మా అక్కను ఇచ్చిన బావకు రెండెకరాల మిరపతోట ఉండేది. నేను గడప తొక్కితే చాలు, పదిమందిలో "అగో, బొగ్గు బావమరిది వచ్చిండు, చాప తీసెయ్యుండ్రి, మసైతది" అనేవాడు. అందరూ నవ్వేవాళ్లు, అక్క కూడా. నాకు ఒళ్లు మండిపోయేది.

ఆ ఏడు వానలు ముందే ఆగిపోయి, మిరప పూత మీద ఉండగా బావ బావి తవ్వించాడు. మూడు నిలువుల లోతున, గోడలో పలుగురాయి చార, అందులో పసుపు మెరుపులు కనబడ్డాయి. నన్ను పిలిపించి "ఏందిరా ఇది, నువ్వు రాళ్ల కాడ పనిజేస్తవ్ గద?" అన్నాడు. పక్కకు పోయి ఒక ముక్కను సుత్తితో కొట్టాను. పొడి అయింది. ఆ పొడిని కాలితో మట్టిలో కలిపేసి వచ్చి, వేడినీళ్ల కథంతా సారు చెప్పినట్టే చెప్పాను. ఒక్క అబద్ధమూ ఆడలేదు, సుత్తి మాట ఒక్కటి మింగేశాను. నలుగురిలో బావ ఓ వారం నవ్వులపాలైతే చాలనుకున్నాను.

బావ ఆగితేనా! నీళ్ల కోసం కిందికి దిగాల్సిన బావిని చార వెంట పక్కకు మళ్లించాడు. ఊరంతా ఎగబడుతుందని కంసాలికి కూడా చూపించకుండా, కూలీలను మాన్పించి, వదులు రాతిలో తనొక్కడే గడ్డపారతో సొరంగం తొలిచాడు. పైన పూత రాలిపోయి మొక్కలు నిలువునా ఎండాయి. "నువ్వన్న జెప్పు తమ్మీ, నీ మాటైతే ఇంటడు" అని అక్క ఏడ్చింది. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ ఏడుపు చూస్తుంటే నాకు లోపల తీపిగానే ఉండింది. రేపు చెబుదాంలే అనుకున్నాను. ఆ రేపు రాకముందే సొరంగం కప్పు కూలి బావ నడుము విరిగింది.

దవాఖానా మంచం మీద నా చెయ్యి పట్టుకుని, "అందరు నన్ను పిచ్చోడన్నరు, నువ్వొక్కనివే నిజం జెప్పినవ్ రా" అన్నాడు. ఆ తర్వాత నన్ను పల్లెత్తు మాట అనలేదు. మళ్లీ లేచి నడవకుండా, అదే నమ్మకంతో పోయాడు.

ఇప్పుడు పిల్లలు రాయిని ఫోటో తీసి ఫోనును అడిగితే అదేమిటో క్షణంలో చెప్పేస్తోంది. అప్పుడే ఇవన్నీ ఉండి ఉంటే నా పగ ఒక పూట కూడా నిలిచేది కాదు. బావ నన్ను నాలుగు తన్ని, బావిని కిందికే తవ్వుకుని, తోటను బతికించుకునేవాడు. ఆ నాలుగు తన్నులకు కూడా నేను నోచుకోలేదు.