మరియమ్మ చేనిలో కుండ పెంకులు

రాయితీ మీద ఇచ్చిన డ్రిప్పు పైపులు ఎలా ఉన్నాయో చూసి ఫోటో తీయడం నా ఉద్యోగం. ఈ రోజు ఆలూరు దగ్గర మరియమ్మ అనే పెద్దామె మిరప చేనికి వెళ్లాను. ఉన్నది ఎకరన్నర, బోరు సన్నగా పోస్తుంది. గట్టు పొడుగునా కుండ పెంకుల్లో నీళ్లు కనిపించేసరికి పైపులు కారుతున్నాయనుకుని, చూసుకోవద్దా అని విసుక్కున్నాను.

ఆమె నవ్వింది. "పైపు యాడా కారడంల్యాదప్పా. ఎండకు దప్పికై ఉడతలు పైపులు కొరుకుతాండె. ఈడ నీళ్లు పెట్టినప్పట్నుంచి పైపు జోలికే రాల్యా."

సాళ్లన్నీ నడిచి చూశాను. పక్క చేలో ఈమెతో పాటే వేసిన పైపులకు అడుగడుగునా అతుకులు. ఈమె పైపులకు పాత అతుకులు రెండు మూడు తప్ప కొత్తది ఒక్కటీ లేదు. పాడైతే మళ్లీ రాయితీకి ఏళ్లు ఆగాలి.

"ఉన్న కాసిని నీళ్లూ ఉడతలకు పోస్తే ఎలాగమ్మా?" అన్నాను.

"సర్కారోళ్లు నాకు పైపులిచ్చినారు. నేను వాటికి ముంతడు నీళ్లిస్తే ఏం పోతాది?"

మా ఫారంలో పైపుల రక్షణకు రైతు ఏం చేశారో రాసే గడి ఉంది. ఇన్నాళ్లూ దాన్ని ఖాళీగానే వదిలేశాను. ఈ రోజు "ఉడతలకు నీళ్లు పెట్టారు" అని రాశాను. పై ఆఫీసరు పిలిపించి అడిగితే, ఉడతల్లారా, సాక్ష్యానికి మీలో ఎవరొస్తారు?