నెమలిమెట్ట టవరూ, కౌంటరు వెనక దొరికిన బోర్డూ

మేరీ, నేనూ కాలేజీ రోజుల నుంచి స్నేహితులం. ఇరవై ఆరేళ్లు నర్సుగా చేసి ఈ మధ్యే తనంతట తాను ఉద్యోగం మానేసింది. మర్నాడే ఫోన్ చేసి, "ఒసే, ఎక్కడికైనా ఎత్తుకి తీసుకెళ్లవే. వార్డు కిటికీలోంచి కాకుండా ఆకాశం చూసి ఎన్నాళ్లయిందో" అంది. ఎచ్చెర్లలో పాఠాలు చెప్పుకునే నాకు వెంటనే నెమలిమెట్ట గుర్తొచ్చింది. చిన్న కొండ, ముప్పావు గంట నడక, పైన మూడంతస్తుల ఇనప టవరు, అక్కణ్నుంచి నాగావళి వంపు. ఫోన్లలో అందరూ పెడుతున్న ఫొటోలు నేనూ చూశాను. ఇది కోపం చల్లారాక రాద్దామని నెలకి పైగా ఆగాను. చల్లారలేదు.

శ్రీకాకుళం కాంప్లెక్సులో ఉదయం ఆరింటికి పాలకొండ బస్సు ఎక్కి, ఏడున్నరకి నెమలివలస జంక్షన్లో దిగాం. అక్కణ్నుంచి కొండ మొదలుకి నాలుగు కిలోమీటర్లు, ఆటోకి ఎనభై రూపాయలు. ఆటో నడిపే అప్పలనాయుడు మమ్మల్ని దింపుతూ, "పదిన్నరకి ఇక్కడే ఉంటాను మేడమ్, మల్లీ ఆటో ఎతుక్కోకండి" అన్నాడు. టికెట్టు మనిషికి ముప్పై. కౌంటర్లో సింహాచలం అనే నడివయసు మనిషి చీటీలు చింపి ఇచ్చాడు. "టవరు ఎక్కొచ్చు కదా?" అని మేరీ అడిగితే తలెత్తకుండా "ఎల్లండి, ఎల్లండి" అన్నాడు. ఆ మాట గుర్తుపెట్టుకోండి.

దారి బాగుందని ఒప్పుకోవాలి. ఒకవైపు పట్టుకుని నడవడానికి వెదురు చేపట్టు కట్టారు, ఎండ పడని చోట మంచు ఇంకా గడ్డి మీదే ఉంది. సగం దారిలో విస్తళ్లకి అడ్డాకులు కోసుకునే ముగ్గురు ఆడవాళ్లు కనిపించారు. మేరీ వాళ్లని పలకరించి, పేర్లు అడిగి, ఒకావిడ మోచేతి పుండు చూసి ఏ మందు రాయాలో కూడా చెప్పింది. ఆవిడ పేరు పైడమ్మ. తొమ్మిదింటికి పైకి చేరాం. టవరు ఆకుపచ్చ రంగులో తళతళలాడుతోంది. మేరీ చిన్నపిల్లలా నాకంటే ముందు ఎక్కేసింది.

రెండో అంతస్తు మెట్ల మధ్యలో ఒక మెట్టు టప్పున విరిగింది. మేరీ కుడికాలు మోకాలి దాకా కిందికి దిగబడిపోయింది, ఒళ్లు పక్కకి ఒరిగింది. ఆ అరుపు నాకు ఇప్పటికీ వినబడుతుంది. నేను చంకల కింద చేతులు వేసి లాగబోయాను. "లాగకు! ఎముక విరిగింది. వేళ్లు కదులుతున్నాయి, పర్వాలేదు. ముందు బూటు విప్పు, చున్నీ ఇయ్యి" అంది పళ్లు బిగించి. కాలు మెల్లగా పైకి తీయించి, రక్తం కారుతున్న చోట కట్టు ఎలా కట్టాలో తనే చెప్పి కట్టించుకుంది. ఫోన్లో సిగ్నల్ లేదు. అరుపు విని ఆ ముగ్గురూ పరుగెత్తుకొచ్చారు.

పైడమ్మ విరిగిన మెట్టు చూసి తల పట్టుకుంది. "అయ్యో తల్లీ, దీన్నెందుకు ఎక్కినారు? వానలప్పటి నుంచి ఊగతన్నాది. ఎక్కొద్దని బోర్డు కూడా ఎట్టినారు కదా!"

"ఏ బోర్డు? ఇక్కడ ఏ బోర్డూ లేదు" అన్నాను.

"మొన్న పెద్దోళ్లు సూడ్డానికి వొత్తారని తీసీసినారు. రంగు ఏసీసినారు."

ముందు కిందికి దించాలి. మేరీని ఒక్కో మెట్టు మీదా కూర్చోబెట్టి జరిపాం. పైడమ్మ దారి పక్కనున్న చేపట్టులోంచి ఒక వెదురు పీకి, ఆకులమూట దుప్పటి విప్పి, డోలీ కట్టింది. "మా కోడల్ని కాన్పుకి ఇలగే దింపినాం. భయపడకమ్మా" అంది. నలుగురం వంతులేసుకుని మోశాం. పైకి నలభై ఐదు నిమిషాల దారి, కిందికి గంటన్నర పట్టింది. మేరీ ఒక్కసారి కూడా ఏడవలేదు. పైడమ్మ భుజం ఒరుసుకుపోతే మాత్రం, "భుజం మార్చుకో అమ్మా" అని ఆవిడకే చెబుతూ వచ్చింది.

కింద కౌంటరు ముందు కాలేజీ పిల్లలు ఇరవై మంది దాకా టికెట్లు తీసుకుంటున్నారు. కౌంటరు వెనక గోడకి ఒక రేకు తిప్పి ఆనించి ఉంది. నేనే వెళ్లి తిప్పాను. ఎర్ర అక్షరాలు. 'ప్రమాదం. టవర్ ఎక్కరాదు.'

"ఇదేమిటి?" అన్నాను.

సింహాచలం డోలీకేసి చూసి నిలబడిపోయాడు. "పైనుంచి సెప్పినారు మేడమ్. బోర్డుంటే జనం రారు, ఫొటోలు బాగోవు, తీసీయమన్నారు. నానేటి సేస్తాను?"

"మేం అడిగినప్పుడు వద్దని ఒక్క మాట చెప్పడానికి కూడా పైనుంచి రావాలా?"

అప్పలనాయుడు ఆటో తెచ్చాడు. నేను ఎక్కబోతే మేరీ నా చెయ్యి నెట్టేసింది. "నువ్వొచ్చి ఏం చేస్తావు, సిమెంటు కట్టు వేస్తావా? పైడమ్మ వస్తుంది. ఆ పిల్లలు ఎక్కేస్తారు. పైకి పో."

వెళ్లాను. రేకు నెత్తిన పెట్టుకుని, పిల్లల్ని దాటుకుంటూ. అంత కోపంతో నేనెప్పుడూ నడవలేదు. చలికి మెడకి చుట్టుకున్న కండువాతో బోర్డుని టవరుకి కట్టి, కింది మెట్టు మీద కూర్చున్నాను. ఒకబ్బాయి, "టికెట్టు కొన్నాం ఆంటీ, ఒక్క ఫొటో" అన్నాడు. రెండో అంతస్తు మెట్టుకి అంటుకున్న రక్తం చూపించాను. ఇంకెవరూ అడగలేదు. పన్నెండున్నరకి సింహాచలం చెమటలు కక్కుతూ వచ్చి, తన బండి గొలుసూ తాళమూ మెట్ల గేటుకి వేశాడు. "నా ఉజ్జోగం పోతే పోనీ" అన్నాడు, నా మొహం చూడకుండా.

మేరీ కాలికి రాడ్ వేశారు. ఇంకా మూడు నెలలు కర్ర సాయం కావాలట. టవరు నడిపే ఆఫీసుకి ఫిర్యాదు రాస్తే వారం కిందట జవాబొచ్చింది: హెచ్చరిక బోర్డు ఉన్నప్పటికీ సందర్శకులు నిర్లక్ష్యంగా ఎక్కారు. సాక్ష్యంగా జతచేసిన ఫొటోలో ఆ బోర్డు, దాన్ని కట్టిన నా కండువా ముడి స్పష్టంగా ఉన్నాయి.

మళ్లీ రాశాను. పైడమ్మ సంతకం పెట్టింది. సింహాచలం కూడా, బోర్డు ఎవరు తీయమన్నారో తన చేత్తో రాసిచ్చాడు. ఆ కాగితం విలువ ఎంతో నాకు తెలుసు, అతను నిజంగానే ఇప్పుడు కౌంటర్లో లేడు. కొండ మీద నాకు కోపం లేదు. దాన్ని ఎక్కడానికి మనుషుల్ని పిలిచి, వాళ్ల ఎముకల కంటే ఫొటోలే ముఖ్యమనుకున్న వాళ్ల మీదే ఉంది. మేరీ మాత్రం మంచం మీంచి, "నది సగమే చూశానే" అంటోంది. అది వింటే నా కోపం ఇంకా పెరుగుతుంది.

మీరు వెళ్లేటట్టయితే ఒక్కటి చెయ్యండి. ఏ ఇనప టవరైనా సరే, ఎక్కేముందు కింద నిలబడి మెట్ల అడుగుభాగం చూడండి. రంగు పైనే వేస్తారు, తుప్పు కింద ఉంటుంది.