పన్నెండణాల మెడ

మా కూర్మనాథం మేస్టారి నోట "భేష్" అన్న మాట నేనెన్నడూ వినలేదు. గజపతినగరంలో ఆయన అరుగు మీద సంగీత పాఠమంతా తలతోనే నడిచేది. స్వరం నిలబడితే తల కిందికి ఒక్కసారి. తప్పితే అడ్డంగా రెండుసార్లు. పాట మధ్యలో మాట్లాడటమంటే ఆయనకి ఎంగిలి చేత్తో ఊరగాయ జాడీ ముట్టుకున్నట్టే.

అరవై ఎనిమిది వేసవిలో ఆయనెక్కిన విజయనగరం బస్సు రైలు గేటు దగ్గర ఆగి ఉండగా వెనక నుంచి లారీ గుద్దింది. మేస్టారి తల ఒక్క ఊపున వెనక్కి పోయి ముందుకొచ్చి పడింది. రక్తం రాలేదు, ఎముక విరగలేదు. మెడ మాత్రం కొయ్యబారిపోయింది. కట్టూ కుట్టూ లేని దెబ్బని ఊళ్ళో ఎవరు నమ్ముతారు? "మేస్టారు బిగుసుకున్నారు" అని వెక్కిరించారు. వాళ్ళ మీద నాకిప్పటికీ కోపమే.

తల ఆగాక పాఠం పాడైంది. తప్పు చెప్పే దిక్కులేక మేమంతా మహా విద్వాంసులమైపోయాం. నోటితో "కాదు" అనాల్సి వస్తే ఆయనే నొచ్చుకునేవారు.

"దసరా దాకా చూస్తానే, నీలవేణీ. మెడ కుదుటపడకపోతే పాఠాలు ఆపేస్తాను" అన్నారొకరోజు.

"మరి మాకెవులు సెప్తారు, మేస్టారూ?" అన్నాను. రైతు పిల్లకి సంగీతం చెప్పే గడప ఆ ఊళ్ళో మరొకటి లేదు.

డాక్టరు నెలనెలా ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, ఎడమ గోడ మీది క్యాలెండరులో తారీఖు చదవమనేవాడు, కుడి కిటికీ బయట ఏముందో చెప్పమనేవాడు. మూడో నెలకి మేస్టారు రెండూ చెప్పేశారు. "నయమైపోయింది, ఇక రానక్కర్లేదు" అన్నాడు డాక్టరు. అణాలు పోయి పదేళ్ళు దాటినా మేస్టారి కొలత అణాల్లోనే. ఇంటికొచ్చి భార్య ప్రసూనాంబ గారితో, "పన్నెండణాలే నయమైంది. తిప్పితే తిరుగుతాది. పాట విన్నప్పుడు దానంతట అది తిరగటం లేదు" అన్నారు.

దసరా ముందు చివరి పాఠం రోజు వచ్చింది. నేను మోహన పాడుతున్నాను. ఏడుపు గొంతుకి అడ్డం పడి, ఆ రాగంలో లేని మధ్యమం మీద కాలేశాను. మేస్టారి తల అడ్డంగా ఊగింది. రెండుసార్లు, చురుగ్గా, వెనకటిలాగే. నేను ఆగిపోయాను.

"ఏటే, ఎందుకాపేవు?" అన్నారు. ఆయనకే తెలీలేదు.

"తల ఊపేరు, మేస్టారూ. తప్పని."

గుమ్మంలో తోటకూర తుంపుతున్న ప్రసూనాంబ గారు లేచి నిలబడి, "నేనూ చూసేను" అన్నారు. మేస్టారు మెడ మీద చెయ్యేసుకుని అటూ ఇటూ ఊపి చూసుకున్నారు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "పదహారణాలూ వచ్చేయే" అన్నారు.

మెచ్చుకున్నందుకు గురువుకి దండం పెట్టేవాళ్ళు చాలామంది. నేను తప్పన్నందుకు ఆయన కాళ్ళ మీద పడ్డాను.

"దండాలు తర్వాత. ఆ మధ్యమం ఎక్కణ్ణించి తెచ్చేవు?" అని మేస్టారు మళ్ళీ తల అడ్డంగా ఊపారు. నేను ఏడుస్తూనే మొదటి నుంచి అందుకున్నాను.