కేన్సర్ డాక్టరు ఉండే ఊరు

నా పక్క మంచం మనిషి అన్నం సగంలోనే వదిలేస్తుంటే, "అక్క పంపిన మిరప తొక్కు తిని తిని నోరు కాల్చుకున్నవా బావా" అని వెక్కిరించేవాణ్ణి. మాది ఒకే మండలం కాబట్టి వరస కలుపుకున్నాం. ఖతర్ ఇండస్ట్రియల్ ఏరియాలోని లేబర్ క్యాంపులో ఒకే గది, ఒకే కంపెనీ బస్సు. తీరా చూస్తే అతని నాలుక మీద పుండు. చూస్తుండగానే అది గడ్డకట్టింది. క్లినిక్ వాళ్ళు దోహాలోని పెద్దాసుపత్రికి పొమ్మన్నారు. తోడుగా నేనూ వెళ్ళాను. ముక్క తీసి పరీక్ష చేసి కేన్సరన్నారు. ఇంకా ముదరలేదని, వెంటనే ఇక్కడే మొదలుపెడదామని డాక్టరు అంటే, మలయాళీ నర్సు హిందీలో విడమర్చి చెప్పింది. క్యాంప్ నుంచి ఆ డాక్టరు దగ్గరికి ట్యాక్సీలో ఒక కునుకంత దూరం.

క్యాంపులో ఒక ఆనవాయితీ ఉంది. పెద్ద రోగం వస్తే వీసా క్యాన్సిల్ చేయించుకుని ఇంటిదారి పట్టాలి. గదంతా ఆ పాటే పాడింది. ఊరి నుంచి వాళ్ళమ్మ, గల్ఫంతా ఆమెకు దుబాయే, "దుబాయ్‌ల నిన్నెవలు జూస్తరు కొడుకా, వచ్చెయ్" అని ఏడ్చింది.

"మన మండలంల కేన్సర్ డాక్టర్ ఏ గల్లీల ఉంటడు బావా?" అన్నాను.

"జిల్లాల ఉంటడు తియ్."

వాళ్ళ బామ్మర్దికి ఫోన్ కలిపి అందరికీ వినిపించాను. "జిల్లాల లేడు. నెలకోపారి హైదరాబాద్ నుంచి ఒకాయన వస్తడు. చూసి, హైదరాబాద్ రమ్మంటడు" అన్నాడతను.

"రమ్మని చెప్పేతందుకు అంత దూరం వస్తడా? పాపం, డీజిల్ దండుగ" అన్నాను.

గదంతా నవ్వింది. బావ కూడా దవడ పట్టుకుని నవ్వాడు. నాకు మాత్రం రోత పుట్టింది. తంబాకు పొట్లం మా దిక్కు ప్రతి కిరాణం ముందూ తోరణంలా వేలాడుతుంది. అది తెచ్చే రోగానికి డాక్టర్లేమో ఒక్క నగరంలో, బోర్డుకు బోర్డు ఆనించి కూర్చుంటారు. ఖతర్‌లోనూ వాళ్ళు దోహాలోనే ఉంటారు, కాదనను. కానీ ఈ దేశమంతా కలిపితే మా రెండు మూడు జిల్లాలంత.

"ఇక్కడ్నే ఉండు బావా. డాక్టర్ ఇంటి పక్కపొంటి ఉన్నడనుకో" అన్నాను.

"ఏమన్నయితే మనోళ్ళ నడుమ అయితది" అన్నాడు. క్యాంప్ బాస్‌కు అంతకన్నా ఏం కావాలి? "యల్లా, ఘర్ జాకే ఆరామ్ కరో" అని, ఇంటికి పోయి హాయిగా పడుకొమ్మని భుజం తట్టాడు. బావ వీసా క్యాన్సిల్ చేయించుకుని ఇంటికి వెళ్ళిపోయాడు.

జిల్లాకు, అక్కడి నుంచి హైదరాబాద్‌కు, మళ్ళీ అవే పరీక్షలకు, ఆపరేషన్ వంతుకు తిరిగేదాకా గడ్డ ఆగలేదు. నాలుక సగం తీసేశారు. ఇప్పుడు రోజూ కరెంటు, అదే రేడియేషన్, పెట్టించుకోవాలి. ఊరి నుంచి రోజూ తిరగలేడు కనుక ఆసుపత్రి వెనక ఒక గదిలో, ముక్కూమొహం తెలియని ముగ్గురు రోగులతో అద్దెకున్నాడు. అక్క బీడీలు చుడుతూ అత్తను చూసుకుంటోంది. వీలైన ఆదివారం వస్తుంది. ముసలామె బస్సెక్కలేదు. ఆపరేషనయ్యాక కొడుకును ఇంకా చూడనేలేదు.

మొన్న ఫోన్ చేశాను. బావ మాట నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అతనితో పాటు ఆ అద్దె గదిలో ఉంటున్న నిజామాబాద్ ఆయన ఫోన్ తీసుకున్నాడు.

"ఏమంటుండన్నా?"

"ఏదన్న నవ్విచ్చే ముచ్చట చెప్పుమంటుండు తమ్మీ."

నోరు తెరిచాను. బూతులు తప్ప ఏమీ రాలేదు.