పెట్టుడు గడ్డం

కరోనా తగ్గి బడులు మళ్లీ తెరిచాక, మా అమ్మాయి స్కూల్లో మహానుభావుల వేషాల పోటీ పెట్టారు. మన దేశానికి సముద్రపు దారి కనిపెట్టిన పోర్చుగీసు నావికుడి వేషం దానికి వేశాను. చిన్నప్పుడు నేను బట్టీ పట్టిన పాఠమే దానికీ నేర్పాను. మేమిప్పుడు ఉంటున్న ఈ గల్ఫ్ తీరం నుంచి మలబారుకు ఓడలు అతనికంటే ముందే తిరిగేవి కదా, ఇంక అతను కనిపెట్టిందేమిటని నా బుర్రకు తట్టనేలేదు. నల్ల ఊలుతో గడ్డం అంటించి, అరికాలికి దిష్టిచుక్క పెట్టి పంపాను.

బహుమతి వచ్చింది. మేముండే ఇంటర్నేషనల్ సిటీ కాలనీలో మా ఎదురు ఫ్లాట్‌లో, కొడుకు దగ్గర ఉంటున్న కోజికోడ్ టీచరమ్మకు చూపించాలని మా అమ్మాయి వేషంతోనే పరిగెత్తింది, వెనకే నేను. ఆవిడ పాఠమంతా విని హిందీలో మెల్లగా అన్నారు:

"మా ఊరికే వచ్చాడు బేటీ, మిరియాల కోసం. మక్కా నుంచి వస్తున్న యాత్రికుల ఓడను తగలబెట్టించాడు. తల్లులు పిల్లల్ని పైకెత్తి చూపించి బతిమాలినా వినలేదు."

అంత చెప్పి, ఆ గడ్డం మీదుగానే నా బిడ్డ చెంపలు నిమిరి మెటికలు విరిచారు. నేను తలెత్తలేకపోయాను.

ఇంటికొచ్చి దిష్టి తీద్దామని గుప్పెడు ఉప్పు తీసుకున్నాను. మిరపకాయలు కాలిస్తే పొగ అలారం మోగుతుందని ఇక్కడ ఉప్పుతోనే సరిపెడతాం. చెయ్యి లేవలేదు. ముందు గడ్డం పీకేశాను.

"అమ్మా, ఆ ఓడలో పిల్లలకి వాళ్లమ్మలు దిష్టి తీయలేదా?"

"తీసే ఉంటారు," అన్నాను.