కుటుంబశాస్త్రి తీపి మానిన వైనం

కుటుంబశాస్త్రి తీపి మానేశాడన్న సంగతి ప్రత్తిపాడులో అందరికీ తెలుసు, ఎందుకంటే ఆయన చాలాసార్లు మానేశాడు. ఉగాదికి మానేసి శ్రీరామనవమి పానకంతో మళ్ళీ మొదలెట్టాడు. కార్తీకంలో దీపం ముందు ఒట్టు పెట్టుకున్నాడు. క్షీరాబ్ది ద్వాదశి నాడు పరమాన్నం గిన్నె కనబడేసరికి ఆ ఒట్టు కాస్తా తీసి గట్టున పెట్టాడు. బడ్డీకొట్టు దగ్గర కుర్రకారు ఆయన్ని ఆటపట్టించడానికి పోటీలు పడేవారు. ఈ మాఘంలో కుడికాలి బొటనవేలు నల్లబడ్డాక మాత్రం ఎవరూ నవ్వడం లేదు.

గుంటూరులో డాక్టర్ నాజియా మొహమాటం లేకుండా చెప్పేసింది. "శాస్త్రిగారూ, షుగర్ దిగకపోతే ముందు వేలు తీస్తాం. తర్వాత పాదం. ఆపైన మీ ఇష్టమండీ."

ఆయన ఇష్టం మీద నడిచే వ్యవహారమైతే ఇంత గొడవే లేదు. శాస్త్రి వృత్తి భోక్తగా కూర్చోవడం. తద్దినం నాడు ఆకు ముందు కూర్చుని తినేది ఆయన కాదు, ఆ ఇంట్లో పోయిన పెద్దాయన. భోక్త కడుపునిండా తింటే పైన ఉన్నవాళ్ళకి తృప్తి. వడ్డించింది వదిలేస్తే పెద్దలు అలిగినట్టే లెక్క. పోనీ వేలు తీయించుకుందామా అంటే, అవయవలోపం ఉన్నవాణ్ణి ఆ పీట మీద కూర్చోబెట్టరు. తింటే కాలు పోతుంది, కాలు పోతే కూడు పోతుంది, తినకపోతే కూడు ఇప్పుడే పోతుంది. పగవాడు కూర్చుని ఆలోచించినా ఇంత చక్కటి ఉచ్చు పన్నలేడు.

ఇవన్నీ ఆయన భార్య శ్యామలాంబకి చెప్పే కారణాలు. అసలు కారణం నాలుక. దాని ముందు ఆ మనిషి చదివిన వేదం, పెట్టుకున్న విభూతి ఏవీ పనిచెయ్యలేదు. ఇంట్లో బెల్లం డబ్బా ఖాళీ చేసి పెట్టింది శ్యామలాంబ. పంచదార పక్కింటికి చేరింది. అయినా ఓ ఉదయం దేవుడి పటం ముందు పెట్టిన పటికబెల్లం ముక్క బుగ్గలో దాచుకుని సంధ్యావందనం చేస్తూ దొరికిపోయాడు. అరవయ్యేళ్ళ మనిషి, దొంగతనం బయటపడ్డ పిల్లాడిలా తల దించుకున్నాడు.

"తద్దినం భోజనం నేను తిన్నట్టు కాదే, పెట్టినవాళ్ళ నాన్న తిన్నట్టు," అన్నాడు ఆ రోజే.

"మరి పుండు వాళ్ళ నాన్న కాలికి లేవలేదేమండీ?" అంది శ్యామలాంబ. అని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఆ వారంలోనే నల్లపాడు నుంచి పిలుపొచ్చింది. మిర్చి కోల్డ్ స్టోరేజీలో మేనేజరుగా చేసే రామమూర్తి ఇంట్లో తండ్రి ఆబ్దికం. రోడ్డు పక్క కల్లాల్లో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయేమో, శాస్త్రి ఎక్కిన బస్సంతా దగ్గుతోంది. ముందు రోజు మధ్యాహ్నం తిన్న ఒక్క భోజనమే, భోక్త నియమం ప్రకారం రాత్రి ఏమీ తినలేదు. అందరికీ మిరప ఘాటు తగులుతుంటే శాస్త్రి ముక్కుకి మాత్రం నేతిలో వేగే బూరెల వాసన తగులుతోంది. 'ముట్టను. ఆకు చివర పెట్టేస్తాను,' అని దారి పొడుగునా అనుకున్నాడు. నిజంగానే అనుకున్నాడు పాపం.

భోక్త కాళ్ళు తద్దినం పెట్టే కర్త కడగాలి. కట్టుతో వెళితే అడుగుతారని, దొడ్లో పంపు దగ్గర కట్టు విప్పేసి పుండు మీద పసుపు మెత్తాడు శాస్త్రి. రామమూర్తి పళ్ళెంలో ఆయన పాదాలు పెట్టి నీళ్ళు పోశాడు. నీళ్ళు పచ్చబడ్డాయి. పసుపు కరిగిపోయి నల్లటి వేలు బయటపడింది. రామమూర్తి చెయ్యి ఆ వేలి మీదే ఆగిపోయింది. శాస్త్రికి అది తెలియనే లేదు, ఆ వేలికి స్పర్శ పోయి చాలా కాలమైంది. రామమూర్తి ముఖం చూశాక తెలిసింది.

వంటింటి గుమ్మంలో నిలబడ్డ రామమూర్తి తల్లి కూడా చూసింది. మిట్టమధ్యాహ్నం ఇంకో భోక్తని ఎక్కణ్ణుంచి తెస్తారు? రామమూర్తి పాదాలు తుడిచి పీట చూపించాడు.

వడ్డన మొదలైంది. గారెలు వచ్చాయి, పప్పు వచ్చింది, బూరెలు వచ్చాయి. రామమూర్తి భార్య బూరెకి చిల్లు పెట్టి నెయ్యి పోసింది. శాస్త్రి వాటిని ఆకు చివరికి జరిపాడు. గారె తిన్నాడు. అన్నం కలిపాడు. కలుపుతున్న చెయ్యి ఎప్పుడు పక్కకి వెళ్ళిందో, మొదటి బూరె ఎప్పుడు గొంతు దిగిందో ఆయనకే తెలియదు. రెండోది మాత్రం తెలిసే తిన్నాడు. సిగ్గేసింది. ఆ సిగ్గులోనే ప్రాణం లేచొచ్చినంత హాయిగా ఉంది. మూడోది అందుకోబోయాడు.

ఇంతలో ఆకు మీదికి ముడతలు పడ్డ చెయ్యి ఒకటి వచ్చింది. రామమూర్తి తల్లి వంగి ఆ బూరె తీసేసింది.

"అమ్మా! భోక్త ఆకు ముట్టుకుంటారేంటండీ!" అని పురోహితుడు కేకేశాడు. భోజనం అయ్యేదాకా భోక్త పెదవి విప్పకూడదు. అయినా శాస్త్రి నోరు విప్పాడు.

"తల్లీ, అదొక్కటి ఉంచండి."

"ఉంచను," అంది ముసలావిడ. "మా ఆయనా ఇంతే. అదొక్కటి, అదొక్కటి అనేవారు. జాలిపడి పెట్టాను. ముందు వేలు తీశారు, తర్వాత కాలు తీశారు, తర్వాత మనిషే లేకుండా పోయారు. మీకు పెట్టను. ఆయన పీట మీద కూర్చుని అడిగినా సరే, పెట్టను."

శాస్త్రికి ముందు కోపమే వచ్చింది. నోటి దగ్గరది లాక్కున్న మనిషిని చూసినట్టు చూశాడు ఆవిణ్ణి. ఆ కోపం చూసుకుని ఆయనకే భయమేసింది. తర్వాత కళ్ళ నీళ్ళు ఆకులో పడ్డాయి. కర్మ చెడిందని పురోహితుడు అరుస్తూనే ఉన్నాడు. రామమూర్తి మాత్రం తల్లిని పట్టుకుని ఏడుస్తున్నాడు.

సాయంత్రం ఇంటికొచ్చి జరిగిందంతా శ్యామలాంబకి చెప్పాడు. ఇక ఏ పీటా ఎక్కనన్నాడు. ఆవిడ నమ్మిందో లేదో గానీ, కాలికి కట్టు కట్టింది.

మర్నాడు పొద్దున్నే చీరాల నుంచి ఫోను. నల్లపాడు కబురు వాళ్ళ దాకా ఇంకా వెళ్ళినట్టు లేదు. "ఎల్లుండి మా అమ్మగారి తద్దినమండీ. భోక్తలు దొరకడం లేదు. మీరు తప్పకుండా రావాలండీ," అన్నాడు అవతలాయన.

రానని చెప్పడానికే శాస్త్రి నోరు తెరిచాడు.

"తీపి ఏం చేయిస్తున్నారు?" అని అడిగింది ఆ నోరు.

"పరమాన్నమండీ. నేతి అరిసెలు కూడానూ."

శాస్త్రి ముఖం పాలిపోయింది. అవతల మనిషి హలో హలో అంటుంటే, ఫోను భార్య వైపు చాపాడు.

"రానని నువ్వు చెప్పవే," అన్నాడు. "నేను చెబితే వస్తానంటాను."