మడతకత్తి స్ప్రింగు

చాలా ఏళ్ల దాకా మా ఇంట్లో నేను ఊడదీయని వస్తువంటూ ఏదైనా ఉందంటే అది మా ఆయన మడతకత్తి ఒక్కటే. గోడ గడియారం, పంపు స్టవ్వు, పొడుగు టార్చిలైటు, అత్తమ్మ ఇనప్పెట్టె తాళం, అన్నీ ఎప్పుడో ఒకప్పుడు నా ముందు చాటలో ముక్కలై పడ్డవే. బోనకల్లులో మా నాన్న ఆయిలింజన్లు బాగుచేసేవాడు. ఆయనకు పానాలు అందిస్తూ పెరిగినదాన్ని. ఏ వస్తువైనా సగం తెలిసి సగం తెలియకపోతే నాకు అన్నం సహించదు. పెళ్లయి, పాల్వంచ దాటి అడవి అంచున ఉన్న ఈ ఊరికి వచ్చాక కూడా ఆ గుణం పోలేదు. "పిచ్చోని చేతిల రాయి, నీ చేతిల స్క్రూడ్రైవరు" అని మా ఆయన నవ్వేవాడు. అత్తమ్మ మాత్రం నవ్వేది కాదు. తాళం సంగతి ఆమె మరిచిపోలేదు.

మా ఆయన అడవిలో వెదురు నరికే కూపుల్లో మేస్త్రీ. కూలీలు నరికిన వెదురును కట్టలు కట్టించి లారీకి ఎక్కించేదాకా ఆయనదే బాధ్యత. ఎండాకాలం తునికాకు కల్లాల దగ్గర ఉండేవాడు. పొద్దున చొక్కా వేసుకోగానే జేబులో చెయ్యి పెట్టి కత్తి ఉందో లేదో చూసుకునేవాడు. ఖమ్మంలో తాళాలు, కత్తులు చేసే ఒక సాయిబు దగ్గర పెళ్లికి ముందే కొన్నాడట. దుప్పికొమ్ము పిడి. తెరిస్తే 'టక్'మనేది. ఆ చప్పుడును బట్టి ఆయన వాకిట్లో ఉన్నాడో దొడ్లో ఉన్నాడో వంటింట్లోంచే చెప్పగలిగేదాన్ని. ఆ కత్తితోనే దబ్బనమంత సన్నగా వెదురు బద్ద చీల్చేవాడు, కాల్లో ముల్లు తీసుకునేవాడు, జామపండు కోసేవాడు. పండు కోస్తే మొదటి ముక్క కత్తి మొనకు గుచ్చి నాకు అందించేవాడు. చేత్తో ఇవ్వొచ్చు కదా అంటే "చేతులకు బంకైతది" అనేవాడు. అది అబద్ధం. ఆయనకు అలా ఇవ్వడం ఇష్టం, నాకు అలా తీసుకోవడం ఇష్టం. పదిమందిలో అంతకంటే ముద్దుగా మొగుడూ పెళ్లాలు ఏం చేస్తారు?

ఎనభైల మొదట్లో, యాభై నిండకముందే, ఆయనకు పక్షవాతం వచ్చింది. ఖమ్మం దవాఖానాలో కొన్నాళ్లు ఉన్నాం. మాట పోలేదు. కాలు ఈడుస్తూనైనా నడవడం వచ్చింది. కుడిచెయ్యి మాత్రం భుజం నుంచి వేలాడిపోయింది. ఇంటికి రాగానే అత్తమ్మ ఆ కత్తిని మడిచి ఆయన దిండు కింద పెట్టింది. తలకింద ఇనుము ఉంటే గాలి సోకదని ఆమె నమ్మకం. బాలింతకైనా, జ్వరమొచ్చిన పిల్లకైనా మా వైపు చేసే పనే అది. నేను కాదనలేదు.

ఎడమచేత్తో అన్నం తినడం ఆయన నేర్చుకున్నాడు, కానీ గోడవైపు తిరిగి కూర్చుని తినేవాడు. ఎడమచేత్తో ముద్ద పెట్టుకోవడం ఎవరూ చూడకూడదన్నట్టు. పండ్లు మాత్రం పూర్తిగా మానేశాడు. దొడ్లో జామచెట్టు విరగకాసి ఉంది. కోసి పళ్లెంలో పెడితే ముట్టడు. "ఆకలైతలేదు" అనేవాడు. నాకు ఒళ్లు మండేది. బట్టలు నేను తొడిగితే తొడిగించుకునే మనిషికి, జామపండు నేను కోసిపెడితే ఏం నామోషీ అని లోపల్లోపల తిట్టుకునేదాన్ని.

ఒక మధ్యాహ్నం కిటికీలోంచి చూశాను. మంచం మీద కూర్చుని, కత్తి పిడిని మోకాళ్ల మధ్య ఇరికించి, ఎడమచేతి గోటితో బ్లేడు లాగుతున్నాడు. పిడి జారి కిందపడింది. వంగి తీసుకున్నాడు. వంగడానికే ఆయనకు చాలాసేపు పట్టింది. మళ్లీ ఇరికించాడు. మళ్లీ జారింది. ఈసారి పిడిని పళ్లతో పట్టుకుని బ్లేడు లాగాడు. ఊడి వస్తే పెదవి తెగేదే. నా గాజుల చప్పుడు విన్నాడేమో, గబుక్కున కత్తిని దిండు కిందికి తోసి పడుకున్నాడు. నేనూ చూడనట్టే పొయ్యి దగ్గరికి వెళ్లాను. ఆయన పండు తిననిది ఆకలి లేక కాదని అప్పుడు అర్థమైంది. కట్టెల పొగ సాకుతో బాగా ఏడ్చాను.

ఆ వారమే మా మరిది ఆయన్ని భద్రాచలం అవతల, గోదావరి దాటి లోపలి ఊళ్లో ఆకుపసరు వైద్యం చేసేవాళ్ల దగ్గరికి తీసుకుపోతానన్నాడు. అక్కడే మూడు నాలుగు రోజులు ఉండాలి. బయలుదేరేటప్పుడు చొక్కా తొడిగి, అలవాటు కొద్దీ దిండు కింద నుంచి కత్తి తీసి జేబులో వెయ్యబోయాను.

"అది తీస్కపోయి ఏంజేస్త? ఆడనే ఉండనియ్యి" అన్నాడు. కత్తి లేకుండా ఆయన గడప దాటడం నేను చూడటం అదే మొదటిసారి.

బస్సు వెళ్లగానే చాట తెచ్చుకుని వాకిట్లో కూర్చున్నాను. ముందు అత్తమ్మతో పేచీ తప్పలేదు.

"ఏందే, దిండు కింది ఇనుము తీసినవ్?"

"ఆయన ఊళ్లె లేడు గదా అత్తమ్మా."

"మనిషి లేకున్నా మంచం ఉన్నది గదా!"

వక్కలు కత్తిరించే అడకత్తెర తెచ్చి దిండు కింద పెట్టాను. అదీ ఇనుమే. ఆమె దాన్ని రెండువైపులా తిప్పిచూసి ఊరుకుంది.

తుప్పు పట్టి ఉంటుందని నా అంచనా. ఆయిలింజన్ల ఇంట్లో పుట్టినదానికి ఏది బిగిసినా తుప్పే గుర్తొస్తుంది. కిరసనాయిల్లో నానబెట్టి, కొబ్బరినూనె చుక్క వేస్తే సరిపోతుందనుకున్నాను. కిరసనాయిలు వేసినా బిగువు తగ్గలేదు. ఇక ఊడదీయక తప్పలేదు.

మడతకత్తికి మరలు ఉండవు. పిడిని పట్టి ఉంచేవి ఇత్తడి రివిట్లు. వాటి తలలను ఆకురాయితో సమంగా అరగదీసి, మేకు పెట్టి సుత్తితో మెల్లగా కొడితే అవతలికి దిగిపోయాయి. దుప్పికొమ్ము పలకలు రెండు, వాటి లోపల ఇత్తడి రేకులు రెండు, నడుమ బ్లేడు, పిడి వీపు పొడవునా ఒక ఉక్కు పట్టీ. ఇంతే. ఇన్నేళ్లు నన్ను ఊరించిన కత్తి లోపల ఇంత తక్కువ సరంజామా ఉంటుందని అనుకోలేదు.

ఆ పట్టీయే స్ప్రింగు. వెనకవైపు, నడుమ రివిట్లతో కదలకుండా ఉంటుంది. ముందు కొస మాత్రం ఏ రివిటూ లేకుండా, బ్లేడు పిడిలో తిరిగే మొదలు ఉంటుందే, ఆ మడమ మీద నొక్కుకుని ఉంటుంది. బ్లేడు మడమ గుండ్రంగా ఉండదు, చదునుగా పలకలు తీరి ఉంటుంది. మడిచినప్పుడు ఒక పలక మీద పట్టీ కూర్చుంటుంది. తెరుస్తుంటే మడమ మూల పట్టీని పైకి లేపుతుంది. పూర్తిగా తెరవగానే పట్టీ రెండో పలక మీదికి దబ్బున దిగుతుంది. నేను వంటింట్లోంచి విన్న 'టక్' అదే. పట్టీని బ్లేడును చేత్తో కలిపి పట్టుకుని ఎన్నిసార్లు తిప్పి చూశానో. చాలా సంతోషమేసింది. ఆయన ఇంట్లో ఉంటే పిలిచి చూపించేదాన్ని.

ఆ సంతోషం కాసేపే. లోపల ఎక్కడా తుప్పు లేదు. జేబులో చేరిన దూది, ఎండిపోయిన జామ గింజ ఒకటి, అంతే. స్ప్రింగు కొత్తదానిలా ఉంది. ఇరవై ఏళ్ల కిందట సాయిబు ఎంత బిగువు పెట్టాడో అంత బిగువూ అలాగే ఉంది. కత్తిలో ఏ లోపమూ లేదు. రెండు చేతులున్న మనిషికి అది సరిగ్గా పనిచేసే కత్తి.

వస్తువు చెడిపోతే బాగుచేయడం నాకు తెలుసు. బాగున్న వస్తువును ఏం చేయాలో మా నాన్న నేర్పలేదు. నా కుడిచేతిని కొంగులో చుట్టి వీపు వెనక్కి దోపుకుని, ఎడమచేత్తో అక్కడున్న ముక్కల్ని ఎత్తి చూశాను. ఇత్తడి రేకు కూడా వేళ్ల మధ్య నిలవలేదు. ఆయన మీద అన్నిరోజులూ పెంచుకున్న కోపం ఎటుపోయిందో నాకే తెలియదు.

స్ప్రింగును అరగదీయడం మొదలుపెట్టాను. నడుమ రివిటు నుంచి ముందు కొస దాకా, లోపలివైపు. సన్నబడితే తేలిగ్గా వంగుతుంది, వంగితే బ్లేడు తేలిగ్గా వస్తుంది. ఉక్కు గట్టిది, ఆకురాయి ముందు జారింది. పట్టుకోవడానికి ఒక మనిషి ఉంటే బాగుండుననిపించింది. అత్తమ్మ వచ్చి నిలబడింది.

"బాగున్నదాన్ని ఎందుకే గట్ల పాడు చేస్తున్నవ్?"

"ఎడమచేత్తోని తెరవడానికి అత్తమ్మా" అన్నాను.

ఆమె లోపలికి వెళ్లి పొయ్యి మీది గిన్నెలు దించే పటకారు తెచ్చి, నా ఎదురుగా చతికిలపడి, పటకారుతో స్ప్రింగు కొసను గట్టిగా పట్టుకుంది. నేను అరగదీస్తుంటే ఆ ఉక్కురజను ఆమె ఒళ్లో పడుతోంది. దులుపుకోలేదు. "నువ్వు కూడా చూశినవా?" అని మాత్రం అడిగింది. ఆమె చూసిందన్నమాట. ఇంట్లో ఇద్దరం చూసి, ఇద్దరం ఒకరికొకరం చెప్పుకోలేదు.

కొంచెం అరగదీయడం, రివిట్ల బదులు మేకులు గుచ్చి ముక్కలు కలపడం, పిడిని మోకాళ్ల మధ్య పెట్టి ఎడమచేత్తో లాగి చూడటం, మళ్లీ విప్పడం. మర్నాడు కూడా అదే పని. మరీ సన్నబడితే కత్తి నిలవదు, కోసేటప్పుడు మడుచుకుని వేళ్లు తెగుతాయి. నా ఎడమచేతికి బ్లేడు లొంగిన చోట ఆపేశాను. కొత్త రివిట్లకు సైకిలు షాపులో పాత చక్రం పుల్ల ఒకటి అడిగి తెచ్చి ముక్కలు చేశాను. రెండు కిలోల తూకంరాయిని కింద పెట్టి, సుత్తితో తలలు సాగగొట్టాను. పైకి చూస్తే ఇత్తడి చుక్కల బదులు తెల్ల చుక్కలు. చప్పుడు మాత్రం పాతది కాదు. 'టక్' పోయి 'టిక్' మిగిలింది. అది విని అత్తమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది.

ఆయన వచ్చాడు. పసరు వాసన తప్ప చేతిలో మార్పేమీ లేదు. అడకత్తెర తీసి కత్తిని మళ్లీ దిండు కింద పెట్టాం. రోజూ పొద్దున రెండు జామపండ్లు మంచం పక్కన స్టూలు మీద పెట్టేదాన్ని, సాయంత్రం అలాగే తీసేసేదాన్ని. ఆయన కత్తిని ముట్టుకోవడమే లేదు. అనవసరంగా మంచి కత్తిని చెడగొట్టానేమోనని దిగులు పట్టుకుంది. తెరిచి చూడమని చెప్పొచ్చు. చెబితే, తెరవలేకపోవడం నేను చూశానని చెప్పినట్టే. అడకత్తెరలో పోకచెక్క అంటే ఏమిటో ఆ రోజుల్లో నాకు బాగా తెలిసింది.

ఒక సాయంత్రం వంటింట్లో బియ్యం ఏరుతున్నాను. 'టిక్' వినిపించింది.

లేచి వెళ్లకూడదనుకున్నాను. అత్తమ్మ నావైపు చూసింది, నేను ఆమెవైపు చూశాను. ఇద్దరం ఒకేసారి లేచాం.

కత్తి తెరుచుకుని ఆయన ఎడమచేతిలో ఉంది. పండును మంచం పట్టెకు ఆనించి, పడిపోయిన కుడిచేతిని ఎత్తి దానిమీద బరువుగా పెట్టి కోస్తున్నాడు. ముక్క వంకరగా తెగింది. దాన్ని మొనకు గుచ్చి, తల ఎత్తకుండానే నావైపు చాపాడు. తీసుకున్నాను.

ఆయన కత్తిని తిప్పి రివిట్ల తెల్ల చుక్కలు చూశాడు.

"స్ప్రింగు అరగదీసినవా?"

"అవ్, అరగదీసిన."

ఇక తిడతాడనుకున్నాను. ఆయనకు ప్రాణమైన కత్తి. పైగా అడగకుండా చేసిన పని. ఆయన బ్లేడు వీపును మంచం పట్టెకు నొక్కి కత్తి మడిచాడు. మళ్లీ మోకాళ్ల మధ్య పెట్టి, గోరు ఎర్రబడేదాకా లాగి తెరిచాడు. చెమట పట్టింది. మడిచి నా చేతికిచ్చాడు.

"ఇంకొంచెం అరగదియ్యి" అన్నాడు.

పడిపోయిన దగ్గర్నుంచి ఆయన నోరు తెరిచి నన్ను ఇది చేసిపెట్టమని అడగడం అదే మొదటిసారి. నేను చాట కోసం వంటింట్లోకి వెళ్లేసరికి, అత్తమ్మ అప్పటికే అడకత్తెర తీసుకుని మంచం వైపు వస్తోంది.